ఇంటిపేరు

ఉండి రోడ్డులో ఆర్చీ దాటి
కారు అద్దం పూర్తిగా దించనైనా లేదు,
వంగి అడిగారు త్రిమూర్తులు గారు:
"ఇంటిపేరేంటండి?"

చెప్పాను. మూడక్షరాలు.
"ఆయ్" అన్నారు.
ఆ ఆయ్‌కి అర్థం అవునని కాదు,
కాదని కూడా కాదు.
వల విసిరినవాడు తాడు చేతికి చుట్టుకుని
కాసేపు ఊరికే నిలబడతాడే, అదీ.

"అమ్మగారిదే ఊరండి?
పేటలోనా, ఊళ్ళోనా అండి?"
ఒక్కో ప్రశ్నకీ
జల్లెడ కన్ను సన్నబడుతోంది.

తూర్పు ముఖం నూట పద్నాలుగు
పొద్దున్నే బుక్కయిపోయిందట.
పార్కు పక్కది ఓనరు గారి బావమరిది ఉంచమన్నారట.
కార్నరు బిట్టుకి వీధిపోటు, మీకెందుకండీ అన్నారు
అచ్చం నా మేలు కోరే గొంతుతో.
మూడోసారి వెళ్ళినప్పుడు కరుణాకర్ రాలేదు.
"డబ్బులిచ్చి మరీ బతిమాలడమేంటి" అని
టీవీ సౌండు పెంచాడు.

పదహారేళ్ళుగా జువ్వలపాలెం రోడ్డులో నాది నీళ్ళ లాబు.
కూల్‌డ్రింకు సీసాల్లో చెరువులు నా బల్ల మీదికొస్తాయి.
అర్ధరాత్రి షట్టరు కొట్టి లేపినవాళ్ళున్నారు
లుంగీ మీదే, చేతులు వణుకుతూ,
"మేడం, వైట్‌స్పాట్ కాదని చెప్పండి చాలు."
అక్కడ నన్నెవరూ ఇంటిపేరు అడగలేదు.
ఆ కాలనీలో సగం మేడలు
నా సంతకం ఎండాక లేచినవే.

చివరికి దొరికింది చివరిది:
నూట అరవై రెండు, దక్షిణ ముఖం,
పడమటి గోడకి అవతల మురుగు కోడు,
గజం ముప్పై ఎనిమిది వేలు.
రిజిస్ట్రారాఫీసులో మెషీను
నా వేలిముద్ర రెండుసార్లు ఒప్పుకోలేదు,
మందునీళ్ళకి అరిగిపోయిన వేళ్ళు.
లేఖరి గారు హద్దులు గడగడా చదివేస్తుంటే
అప్పుడు తట్టింది:
ఉత్తరం ఇంటివాళ్ళు ఎప్పుడు అమ్ముకున్నా
వాళ్ళ కాగితంలో దక్షిణపు హద్దుగా
నా మూడక్షరాలు రాయక తప్పదు.
నవ్వొచ్చి పమిట అడ్డం పెట్టుకున్నాను.

ప్రార్థన పెట్టుకున్న రోజు
అయ్యగారు ఇంకా చెప్పులు విడుస్తూనే ఉన్నారు,
మా అమ్మ సువార్తమ్మ కొత్త కుళాయి తిప్పి
దోసిట్లో పట్టి, నాలిక్కి తగిలించి
సింకులోకి ఉమ్మేసింది.
"కామందు గారి పల్లపు చేనే ఇది.
పక్కన చెరువులు తవ్విన ఏడు
పొట్ట మీదున్న వరి పొట్టమీదే ఎర్రబడిపోయింది.
ఆ కోతకి కూలి గింజలు కొలవలేదు మాకు."
ఇటాలియన్ మార్బుల్ మీద కాలి బొటనవేలితో
గట్టు ఎటు పోయిందో గీసి చూపించింది.
సోఫా కిందుగా.

మర్నాడు లాబులో చూశాను:
ఉప్పు నాలుగున్నర.
కోటీ ఎనభై లక్షల ఇంట్లో
తాగడానికి ఇరవై రూపాయల టిన్ను.

మొన్న ఆదివారం గేటు దగ్గర నూట పద్నాలుగాయన.
వాకింగులో నేనెదురైతే
ఫోను మోగకపోయినా ఎత్తుకునే ఆయన.
చేతిలో సీసా.
"కుళాయిలన్నీ పచ్చబారిపోతున్నాయండి,
పాపకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా...
లాబు మూసుందని ఇటొచ్చాను."
సీసా అందుకుని, చీటీ అంటించి
అలవాటుగా అడిగాను,
ఒట్టు, అలవాటుగానే:
"ఇంటిపేరండి?"

ఆయన నోరు తెరిచి
ఎందుకో వెంటనే చెప్పలేదు.
మా ఇద్దరి మధ్యా స్ప్రింక్లరు
గడ్డిని తడుపుతూ ఓ చుట్టు తిరిగింది.

అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అమ్మ
తలెత్తకుండానే చెయ్యి చాపింది.
"ఇటు తేవే ఆ సీసా.
లాబు రేపు తెరుద్దువుగాని."