ఎడమవైపు సముద్రం

మురోతో అగ్రానికి పోయే ఈ రోడ్డు
నాకు నిమిషాల్లో తెలుసు.
నోనె వంతెన నుంచి సకిహామా రేవుకి ఇరవై రెండు,
వానైతే ఇరవై ఆరు.
ముప్పై ఒక్కేళ్లు యాత్రికుల బస్సు నడిపాను.
వెనక సీట్లలో ఎవరో ఒకరు గంట వాయిస్తూ మంత్రం చదివేవారు,
మిగతా తెల్లచొక్కాలన్నీ కునుకు తీసేవి.

పోయిన చలికాలం లైసెన్సు తిరిగి ఇచ్చేశాను.
స్టేషన్లో అమ్మాయి రెండు చేతులా అందుకుని
"ఇన్నాళ్లూ శ్రమపడ్డారు" అని వంగింది.
జేబు తేలికైంది.
ఆ తేలికని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఒక కర్ర కొన్నాను.

డ్రైవరు సీటు కుడివైపు కదా,
నా వంతుకెప్పుడూ కొండే వచ్చేది.
సముద్రం టిక్కెట్టు కొన్నవాళ్లది.
ఇవాళ పొద్దున్నుంచీ అది నా ఎడమ భుజాన్ని
ఆనుకునే నడుస్తోంది, మాటామంతీ లేకుండా.

నోనె దాటాక గుండ్రాళ్ల రేవు.
అల వెనక్కి లాగినప్పుడల్లా
రాళ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
గొరగొరమని దొర్లుతున్నాయి.
నిలబడిపోయాను.
ఈ మలుపులో బస్సు అడుగున ఏదో వదులైందని
మెకానిక్ ఇకుషిమాకి రెండుసార్లు చెప్పాను.
రెండుసార్లూ కిందికి దూరి చూసి
ఏమీ లేదు పొమ్మన్నాడు.

వంతెన మీద కర్ర ఆనించకూడదంటారు.
ఎప్పుడో ఒక చలిరాత్రి గురువు వంతెన కింద పడుకున్నాడట,
నిద్ర చెడుతుందని.
పదకొండు టన్నులేసుకుని
ఎన్ని వందలసార్లు ఆయన నెత్తిమీంచి పోయానో!
కర్ర చంకలో పెట్టుకుని పిల్లి అడుగులేస్తూ దాటాను.
అవతలికి చేరాక టోపీ తీశాను.
ఎదురొచ్చిన చేపల లారీవాడు
తనకే దణ్ణం పెట్టాననుకుని చెయ్యూపాడు.

మధ్యాహ్నానికి కుడికాలి బొటనవేలు పొక్కింది.
సకిహామా అవతల బివా తోట,
గుత్తిగుత్తికీ కాగితం సంచి తొడిగిన చెట్లు.
గట్టు మీద గంప పెట్టుకుని ఒక ముసలామె.
చూడగానే తెలిసింది.
ప్రతి మే నెలా ఇదే మలుపులో చెయ్యెత్తేది.
గుళ్ల దగ్గర తప్ప ఆపకూడదని కంపెనీ రూలు.
చూశానని తెలియాలని హారన్ ఒకసారి కొట్టేవాణ్ణి.
అద్దంలో ముందు గంప చిన్నదయ్యేది, తర్వాత ఆమె,
చెయ్యి మాత్రం అలాగే పైకి.

"కూర్చో. యాత్రికుడు కాదనకూడదు, తెలుసుగా."
తొక్క తీసి అరచేతిలో పెట్టింది.
రసం మోచేతి దాకా కారింది.
"బస్సుల్లో వాళ్లకి ఇద్దామని చూసేదాన్ని.
ఒక్కడూ ఆపలేదు.
ఒకడైతే పైగా హారన్ కొట్టేవాడు."

గింజ నోట్లోనే ఉండిపోయింది.

"అది నేనే," అన్నాను.

ఆమె నా చెప్పుల్ని చూసింది,
అరిగిన కర్ర మొనని చూసింది.
"నీ హారన్ దెబ్బకి మా పిల్లి
మూడ్రోజులు ఇంటికొచ్చేది కాదు,"
అంటూ ఇంకో పండు వలిచింది.

దానం పుచ్చుకుంటే పేరు చీటీ ఇవ్వాలి.
తకెజాకి మొరియుకి, వయసు డెబ్బై నాలుగు.
కోరిక అన్నచోట ఏం రాయాలో తోచక
పిల్లి క్షేమం అని రాశాను.
కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదివింది హమాఉజు తొమియె.
"అది పోయి పదేళ్లయింది," అంది.
చీటీ మాత్రం మడిచి నడుము సంచిలో దాచుకుంది.

రాత్రి సత్రం గుమ్మంలో
ముందు కర్ర పాదం కడిగాను, తర్వాత నావి.
పొక్కు చూసి సత్రం కుర్రాడు అడిగాడు,
"రేపు గుడి దాకా ఎంతసేపు పడుతుందండీ?"
"పది నిమిషాలు," అన్నాను అలవాటుగా.
వాడు నా కాలికేసి చూశాడు.
"ఒక పూట," అని దిద్దుకున్నాను.