సొట్ట డబ్బా

లోలాక్షి కూతురికి కాలేజీ సీటొచ్చిన కబురు
కటింగు మిషన్ల హోరులో
ముందు మాకు వినపడనేదు.
"ఏటి?" అని అరిసినాది తవిటమ్మ.
"సీటే, సీటు! సికాకుళంలోన!"
"బస్సులోనా?"
నవ్వినాం. పొట్టు ముక్కుల్లోకెల్లి
నవ్వుతానే తుమ్మినాం.

దమయంతి మాకు కొత్త కాదు.
ఆరో తరగతి సెలవుల్లోనే
కాశీబుగ్గ గేటు కాడి మా షెడ్డులో
తల్లి పక్కన పీటేసుకుని పిక్క కోసిన గుంట.
మా అందరి ఏళ్ళలాగే దాని ఏళ్ళూ
జీడి తిని నల్లబడ్డాయి.
రేషను కాడ బొటనేలు ఎడితే
మిషను మమ్మల్ని ఎరగనంటాది.
దాని దరకాస్తు కాడా అదే గోల.
మూడుసార్లు తుడిసి, నాలుగోసారి కొబ్బరినూనె రాసి,
ఆకర్ని కన్ను సూపించమన్నారు.
"జీడి ఇంకా కళ్ళ దాకా రానేదు బావూ" అన్నాది లోలాక్షి.
ఆ కుర్రోడు నవ్వనేదు.

ఫీజు గవర్నమెంటిస్తాదంట. ఎప్పుడో.
హాస్టలుకీ, మెస్సుకీ, పుస్తకాలకీ
ముందే కట్టాలంట.
మా లెక్కలు కేజీల్లో ఉంటాయి.
ఇల్లమ్మ నేల మీద బొగ్గుతో ఏసి సెప్పినాది:
మొదటేడు దమయంతి అంటే
మూడు వేల కేజీల ఒలుపు.
లోలాక్షి ఒక్కర్తీ ఒలిస్తే
పుస్తకాలొచ్చేసరికి పిల్ల ముసిల్దవుతాది.

ఎగుమతికి పనికిరాని సొట్ట డబ్బా ఒకటుంటే
మూతకి సీలిక ఎట్టినాం.
శనివారం బట్వాడా అయ్యాక మనిసికి ఇరవై.
గుండుకో రేటు, బద్దకో రేటు, నూకకో రేటు,
డబ్బాలో పడ్డాక మాత్రం ఇరవై ఇరవయ్యే.
ఎవరో ఇద్దరు ముప్పయ్యేసినారు, ఎవరని అడగనేదు.
మొగుడికి డయాలసిస్ ఉన్న వారాల్లో
డిల్లమ్మ డబ్బా కాడికొచ్చి
ఊరికే దాన్ని ఓసారి కదిపి ఎలిపోయీది.
ఆ సప్పుడు కూడా మాం జమ రాసుకున్నాం.

ఓనరు బావుకి తెలిసినాది.
"నానున్నాను కదేటి, మొత్తం కట్టీస్తాను" అన్నాడు.
ఫ్లెక్సీకి సైజు కూడా సెప్పీసినాడు,
పది అడుగులకి ఆరు, గేటు మీద.
తనేమో సెక్కు ఇవ్వాల,
దమయంతేమో దండం ఎట్టాల.
మంచోడే, కాదనం.
లోలాక్షి తలొంచుకున్నాది.
తవిటమ్మే అన్నాది,
పప్పు ఒలస్తానే, మొకం ఎత్తకండా:
"కేజీకి రూపాయి పెంచు బావూ.
పిల్లని మాం సదివించుకుంటాం."

మిషన్లాగినాయో, మా సెవులే మూసుకుపోనాయో.
రూపాయి పెంచనేదు.
ఆ మాటకి మమ్మల్ని తియ్యనూ నేదు.
దసరాకి అర్ధరూపాయి కలిసినాది,
దేనికన్నది ఎవరూ సెప్పనేదు.
ఫ్లెక్సీ ఓడు మాత్రం
అడ్వాన్సు ఎనక్కివ్వనేదంట.

పరీక్షలయ్యాక వచ్చినాది పిల్ల.
షెడ్డు గుమ్మంలో ఆగి
సెప్పులు ఇప్పాలా వద్దా అని సూసినాది.
నాలుగు నెల్లకే ఆ అనుమానం పుట్టినందుకు
నాకు ఎక్కడో కలుక్కుమన్నాది.
ఇప్పీసి వచ్చి కూకున్నాది.
"అప్పా, ఆ నోటుబుక్కు ఇవ్వండి,
ఎవరికెంత బాకీయో రాసుకుంటాను" అన్నాది.
ఇల్లమ్మ నోటుబుక్కుని పీట కిందకి తోసీసి
"ఏదీ, సెయ్యి సూపించు" అన్నాది.

నలుపు పోనాది.
బొటనేలి మీద గీతలు
కొత్తగా దున్నిన మడిలాగ
సుట్లు సుట్లుగా మళ్ళీ మొలిసినాయి.
ఆ సెయ్యి ఒకర్నించి ఒకరికి
పీటల ఎంబడి ఎల్లినాది.
డిల్లమ్మ కాడ కొంచెం ఎక్కువసేపు ఆగినాది.

అలవాటు సొప్పున ఆ గుంట
గంపలో పిక్కకి సెయ్యి సాపితే
ఇరవై మందిమీ ఒక్కసారే అరిసినాం.
మిషన్ల హోరులో కూడా
వినపడినాది.