పేనుబంక

జహ్రాలో బాబా వాళ్ల ఇంటి వెనక,
ఏసీ నీళ్లు కారే గోడ కింద
ఏడు పెయింటు డబ్బాలు నావి.
రెండింట్లో గోంగూర, ఒకదాంట్లో మిరప,
మిగిలిన నాలుగూ అనప.
విత్తనం మా చెల్లెలి కూతురు
సిమ్ముకార్డు కవర్లో మడిచి పంపింది.

నవంబర్లో తీగ పైపు పట్టుకొని ఎక్కింది.
డిసెంబర్లో ఆకు ముడుచుకుంది.
పొద్దున్నే కారు తుడిచి వచ్చి చూస్తే
కాండం మీద నల్లదారం కదులుతాండాది.
చీమలు.

అందరూ వైద్యులే అయినారు.
బకాలా కోయా పసుపు పొయ్యమన్నాడు.
పక్క బిల్డింగు హారిస్, ఈజిప్టాయన, కిరసనాయిలన్నాడు.
వంటింటి కుసుమావతి
దాల్చినచెక్క పొడి గుప్పెడు తెచ్చి
మామా చూడకుండా చల్లి పోయింది.
మా ఇంటామె ఫోన్లో,
"ఇంత చక్కెర దూరంగా పెట్టు, చెట్టొదిలేస్తాయి" అనింది.
పెట్టినాను.
చక్కెరా తిన్నాయి, చెట్టూ విడవలేదు.

ఉడుకునీళ్లు పోసినాను.
ఒక డబ్బాలో వేరు ఉడికి తీగ చచ్చింది.
చీమలు పక్క డబ్బాకు మారినాయి,
చాప చుట్టుకొని రూము మారినంత తేలిగ్గా.

శుక్రవారం, బడి లేదు, బండి తీసే పని లేదు.
ఖాళీ నూనె డబ్బా బోర్లించి కూర్చొని
ముసలి యుమ్మా పారేసిన
పగిలిన భూతద్దంలోంచి చూసినాను.

చీమ ఆకు కొరకడం లేదు.
ఆకు అడుగున పేనుబంక,
నువ్వుగింజలో సగం, నల్లగా, వందలు,
మూతి ఈనెలో దిగేసి కదలకుండా తాగుతాండాయి.
చీమ ఒకదాని వెనక చేరి
మీసంతో మెల్లగా తట్టింది.
చుక్క వచ్చింది, తేనెమాదిరి.
తాగింది. ఇంకోదాని కాడికి పోయింది.
దారి తప్పిన పిల్లపేనొకదాన్ని
నోట కరుచుకొని తెచ్చి మందలో వదిలింది.

వీపు జలదరించింది.
ఈ పని నాకు తెలుసు.

వఫ్రా దాటినాక, తారురోడ్డు ఆగిపోయిన చోట
మూడేండ్లు నూట నలభై గొర్రెలు కాసినాను.
డ్రైవరు పనని తీసుకపోయినారు.
ఓబులేసంటే నోరు తిరగక
అబూ లైస్ అన్నారు. సింహం తండ్రి అని అర్థమంట.
గొర్రెల నడుమ సింహం తండ్రి.
పొదుగు ఎట్ల తట్టాల, ఎంత తట్టాల,
ఏది ఇస్తాది, ఏది ఎగ్గొడతాది,
చీకట్లో చేతులకే తెలిసేది.
పాలు జీపెక్కి పోయేవి.
డబ్బా అడుగున అంటుకున్నది నాది.

ఒక చలికాలం మందకు రోగం తగిలింది.
పదకొండు దినాల్లో అంతా ఐపాయ.
లారీ వచ్చి కళేబరాలు ఎత్తుకపోయింది.
కంచె పీకినారు, నీళ్లతొట్టి తీసుకపోయినారు.
నన్ను తీసుకపోవాలని ఎవరికీ తోచలేదు,
రెండు రాత్రులు.

కాపరిని తరమడం దండగ.
మంద ఉన్నంత సేపూ ఉంటాడు వాడు,
నెత్తిన ఏం పోసినా.

సబ్బునీళ్లు కలిపినాను, పలచగా,
వేపనూనె రెండు చుక్కలు.
ఆకు తిప్పి, వేలితో తుడిచి,
మళ్లీ తిప్పి,
పసిబిడ్డ ముక్కు తుడిచినట్టు.
మూడు సాయంత్రాలు పట్టింది.
కాండానికి గుడ్డపీలిక చుట్టి గ్రీజు పూసినాను,
కారుదే.

నాలుగో పొద్దున
చీమలు గుడ్డ దాకా వచ్చి
మీసాలాడించి
వచ్చిన దారినే దిగిపోతాండాయి.

ఒకటి మాత్రం పైన చిక్కుకుంది.
ఆకాకూ తిరిగింది.
ఇంకా ముడత విప్పని ఆకు అడుగున
నిలబడి తట్టింది,
ఉత్త ఆకును.
కాసేపాగి మళ్లీ తట్టింది.

చీపురుపుల్ల ఒకటి ఆనించినాను
ఆకు మీంచి గోడకు.
లోపల్నుంచి రెండుసార్లు పిలుపొచ్చింది,
అబూ లైస్!
వస్తాండా, అన్నాను
తాళాలు జేబులోనే పట్టుకొని,
అది పుల్ల ఎక్కేదాకా
కదలకుండా.