ఏడో పదార్థం

నాలుగువందల అరవై అడుగులకాడ ఆగింది రిగ్గు.
డీజిల్ కోసం పోయినోడు ఇంకా రాలె.
చండూరు దిక్కు ఒక్క లైటు లేదు.
క్యాబిన్ల కూసున్న, ఒళ్లో రాడ్ల లెక్క పుస్తకం,
దాని కింద దూరవిద్య తత్వశాస్త్రం,
రెండో ఏడు, మూడో పేపరు.
రెంటికీ ఒకటే పెన్ను.

"నేల మీద కుండ లేదు."
ఈ ముక్కతోనే మొదలుపెట్టిండు ఖలీలుల్లా సారు,
నల్లగొండల, ఆదివారం క్లాసుల, ఫ్యాను తిరగని గదిల.
"కుండ కనిపిస్తలేదు, సరే.
మరి కనిపిస్తున్నదేంది నీకు?
ఉత్త నేలనా, కుండ లేకపోవుడా?"
పదకొండు మందిమి. ఒక్కలం నోరు తెరవలె.
ఉత్త నేలనే అంటరట మీమాంసకుల్ల ఒక జట్టు.
కాదు, లేకపోవుడు సుత ఒక పదార్థమే,
ద్రవ్యం గుణం కర్మల ఎంబడొచ్చి
ఏడో కుర్చీల కూసుంటదంటరు వైశేషికులు.
ఆ ఏడోది నాకు కొత్త గాదు.
పన్నెండేండ్ల సంది దాని కోసమే తిరుగుతున్న
ఊరూరు, చెల్కచెల్క,
అడుగుకింత అని రేటు మాట్లాడుకోని.

పొద్దుగాల పాయింటు పెట్టిన పెద్దమనిషి
అరచేతుల కొబ్బరికాయ లేవంగ చూసి
"ఒక తీరుగ ఉన్నయి, ఒక తీరుగ లేవు,
నోటితోని చెప్పరాదు" అన్నడు.
జైనం పాఠం యాదికొచ్చి నవ్వాపుకున్న.
మా డ్రిల్లరు వీరమల్లు పక్కా చార్వాకుడు,
తడి మట్టి చేతికి తగిలినంకనే నమ్ముతడు,
అడ్వాన్సు సుత అంతే.
సాంఖ్యమంటేనే నాకు భయం.
నువ్వులల్ల నూనె ఉన్నట్టు
రాబోయేది ముందే లోపల ఉంటదట.
ఈ రాయిల మరి ముందే ఉన్నదేంది?
పిండి లెక్క తెల్ల దుమ్ము
కనుబొమ్మల మీద, పేజీల నడుమ.

చెల్క ఈదమ్మది, రెండెకరాలు. ఇది నాలుగో బోరు.
టార్పాలిన్ మీద కూసున్నది, కన్ను మలుపలె.
"ఏం చదువుతున్నవ్ కొడుకా ఈ యాళప్పుడు?"
"లేనిదాని గురించమ్మా."
నాలుగు తీర్లని ఒప్పజెప్పిన, పరీక్షల లెక్క:
పుట్టకముందు లేకపోవుడు, పోయినంక లేకపోవుడు,
ఎన్నటికీ లేకపోవుడు,
ఇది అది కాకపోవుడు.
ఆమె వేళ్లు మడిచింది.
"మొదటి బోరు నీ రెండోదాంట్లకొస్తది,
మూడేండ్లు పోసి ఎండింది.
నడిమి రెండూ మూడోదాంట్ల.
ఇగ ఇది..."
రిగ్గు దిక్కు చూసింది.
"ఇది మొదటిదాంట్ల రాస్కో. ఇంకా తెల్లారలె."

కొంచెంసేపైనంక తనే అన్నది,
"లేని నీళ్లకు మిత్తి కడుతున్న కొడుకా,
నూటికి మూడు."

పనిచేసేదే ఉన్నట్టు అంటరు బౌద్ధులు,
లేకపోవుడును వస్తువని ఒప్పరు.
మరి నెలనెలా షావుకారు గడపకాడ
పనిచేస్తనే ఉన్నది గదా ఇది?
సారును అడగాలెనని అంచుల రాసుకున్న.
రాసినంక చూస్తే
అది రాడ్ల పుస్తకం అంచు.

డీజిలొచ్చింది. ఆరువందల ఇరవైకి ఆపినం.
దుమ్ము.
ఈదమ్మ ఏడ్వలె. కొంగు ముడి విప్పి
వేలు నాలుకకద్దుకోని నోట్లు లెక్కబెట్టింది.
ఆ రాత్రి నేను చూసిన తడి అదొక్కటే.

కేసింగు గుంజినం. బొక్క మిగిలింది, జానెడు ఎడల్పు.
మేకల పిల్లగాండ్లు తిరిగే జాగ.
వీరమల్లు, నేను కలిసి
గెట్టు మీది బండ దొర్లించి మూతపెట్టినం.
పెట్టెముందు ఒక గులకరాయి వేసి చూసిన,
సప్పుడు రాలె.
ఉత్త నేలనే అనే ఆ జట్టోళ్లను
ఒక్కసారి ఈడ నిలబెట్టాలె, చీకట్ల, చెప్పుల్లేకుండ.

లారీ ఎక్కి పుస్తకం తీసిన.
అడుగులు: 620. నీళ్లు: లేవు.
ఏ తీరుగ లేవో
రాసే గడి లేదు అండ్ల.