మామండూరులో అర కిలోమీటరు

బోర్డు మీద మూడు కిలోమీటర్లు.
గంటన్నరలో మేం నడిచింది అర.

నల్లచీమల బారు దగ్గర కూలబడింది మా సన్నది.
"ఇవి యాడికి పోతా ఉండాయి నాయనా?"
నాకు తెలీదు.
ముందు పోతున్న గైడు మునెయ్య
వెనక్కొచ్చి తనూ గొంతుక్కూర్చున్నాడు.

ఎర్రచందనం మానుకి చెంప ఆనించి
మొసలి వీపంటే ఇట్లే ఉంటుందంది,
మొసలిని ఎన్నడూ తాకని పిల్ల.

పులిహోర డబ్బా మోస్తూ మా అత్త
"జలపాతం ఎప్పుడు చూసేదబ్బా" అని సణిగి,
మునెయ్య కోసిచ్చిన బలుసుపండు నోట్లో వేసుకున్నాక
మళ్లీ అడగలేదు.

నీళ్ల చప్పుడైతే వినిపించింది, దూరంగా.
చూడకుండానే తిరిగొచ్చాం.

బస్సులో నిద్రపోయిన పిల్ల గుప్పిట విప్పితే
ఒక చీమ.
ఎవర్నీ దోవ అడక్కుండా
నా మణికట్టు ఎక్కింది.