పదకొండు గ్రాములు

పంతొమ్మిదేళ్ళుగా నా పని తూచడం.
సావో పాలోలో, కిటికీలు తెరుచుకోని గదిలో
నాకూ కాటాకూ మధ్య
ఒక జత చేతితొడుగులు, చల్లారిన కాఫీ.

మొదట సున్నా నొక్కాలి.
గిన్నె బరువు, గాలి బరువు, నా ఊపిరి బరువు
అన్నీ పోయాక
మిగిలిందే సరుకు.

మార్చిలో ఒక గురువారం రెండు పొట్లాలొచ్చాయి.
ఒకటి, చెట్లకు కూడా కాపలా ఉండే పేటలో
ఒతావియో అనే కుర్రాడి కారులో దొరికింది.
రెండోది, ఇల్లు మీద ఇల్లు ఎక్కిన కొండవాలులో
మెట్ల మీద, క్లేబెర్సన్ అనే పిల్లాడి చెప్పులో.

రెండూ తెలుపే. రెండూ పదకొండు గ్రాములు.
చెప్పులోది ఒక పిసరు తక్కువ కూడా.
కాటా అంతవరకే చెప్పింది.

మిగతాది కాగితం చెప్పింది.
కారు కుర్రాడికి: సొంత వాడకం.
మెట్ల పిల్లాడికి: అమ్మకం.
ఎలా తెలిసింది, అని అడిగాను సార్జెంటుని.
"దొరికిన చోటు చూడలేదా?" అన్నాడు,
వాన తడిగా ఎందుకుందని అడిగినట్టు నన్ను చూస్తూ.

ఒకడు తెల్లారేలోగా తండ్రితో, లాయరుతో ఇల్లు చేరాడు.
దారిలో బేకరీ దగ్గర ఆగారట.
రెండోవాడి తల్లి ఆదివారాలన్నీ
జైలు గేటు ముందు, లోపల ఏముందో కనిపించే సంచితో.
రెండు కాగితాల కిందా సంతకం నాదే.
అదీ రాసిపెడుతున్నాను.

నిన్న వంతెన కింద బస్సు ఆపారు.
అందర్నీ దిగమనలేదు.
వేలు ఆగిన తొమ్మిది మందిమీ
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
అద్దం అక్కర్లేకపోయింది.

నా సంచిలో కర్రపెండలం పిండి,
బహియా నుంచి అమ్మ పంపింది, ముడేసిన కవర్లో.
లైటుకెత్తి పట్టుకున్నాడు. వేలితో నొక్కాడు. వాసన చూశాడు.
ఇరవై రెండేళ్ళుంటాయేమో.
వాడి మెడా నా మెడ రంగే.
"ఏంటిది?"
నోరు పెగల్లేదు నాకు.
అరకిలోకి ముప్ఫై గ్రాములు తక్కువని
చేతికి మాత్రం తెలుసు.

ఆఫీసు కార్డు తీశాను.
పిండి మళ్ళీ పిండైంది.
"క్షమించండి డోనా దల్వా, తెలియలేదు."
ఏది తెలియలేదు నాయనా?

కార్డు లేని ఎనిమిది మంది
గోడకు మొహం పెట్టి, చేతులెత్తి.
అందులో ఒకామె కూర్చున్న సీటు నా పక్కదే,
కిటికీ మూయమని నన్ను బతిమాలింది ఇందాకే.
నేను బస్సెక్కాను.
ఎక్కి, కిటికీ మూశాను.

రాత్రి ఆ పిండి వెన్నలో వేయించాను. మాడింది.
మాడిందే తిన్నాను.

పొద్దున మళ్ళీ అదే గది.
సున్నా నొక్కాను.
అంకె ఊగుతోంది.
ఫ్యాను ఆపే ఉంది, తలుపు వేసే ఉంది,
గిన్నెలో ఏమీ లేదు.
ఇంకోసారి నొక్కాను.