పదకొండో సూది

ఏం తినొచ్చినావబ్బా పొద్దున?
నేనడిగే మొదటి మాట ఇదే.
పేరు తర్వాత, నొప్పి తర్వాత.
ఉత్త కడుపు మీద సూదులు వేస్తే కండ్లు తిరగతాయి.
శనివారం ఒక్కపొద్దు అంటివా,
దండం పెట్టి ఆదివారం రమ్మంటాను.
ఎదురుగా బండి ఉండాది, రెండిడ్లీ తినిరా,
నీ చీటీ యాడికీ పోదు.

బైరాగిపట్టెడ సందులో, మెట్ల కింద గది.
నాలుగు మంచాలు, రెండు ఫ్యాన్లు, ఒక డాక్టరమ్మ.
నేను చెంగల్రాయుణ్ణి.
సూదులు లెక్కబెట్టేవాణ్ణి.

భయపడతావు, తెలుసు.
ఇస్కూల్లో పొడిచిన టీకా గుర్తొస్తాది.
ఇది ఆ సూది కాదు. లోపల బోలు లేదు, మందు లేదు,
తలవెంట్రుక కంటే రవ్వంత లావు.
కొత్తది, నీ ముందరే కాయితం చింపి తీస్తాం.
తల తిప్పుకోవద్దు, చింపేది చూడు.

గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు.
ఆనక అక్కడొక బరువు,
తడి గోనెసంచి ఆనించినట్టు.
కొందరికి మోకాట్లోంచి వేలికి కరెంటు పాకతాది.
కొందరికి ఏమీ ఉండదు,
మోసపోయినట్టు నా మొకం చూస్తారు.
పోటు పెడితే పండ్లు కొరుక్కోవద్దు,
ఓర్చుకున్నోళ్ళకు ఈడ మెడల్ ఇచ్చేది లేదు.
అమ్మా అను. ఆమె తీసేస్తాది.

రక్తం పలచనయ్యే మాత్ర మింగతా ఉంటే చెప్పు.
కడుపుతో ఉంటే చెప్పు,
మీ అత్తకింకా చెప్పకపోయినా మాకు చెప్పు.
బీపీ మాత్ర మానేసి మాత్రం రావద్దు తల్లీ.

నయమవతాదా అని నన్నడగొద్దు.
పాకాల గ్యాంగ్‌మన్‌కు ఆరు వారాల్లో నడుము వంగింది.
అతని తోడొచ్చిన బామ్మర్దికి పదిసార్లయినా ఏమీ కాలేదు.
ఇద్దరికీ అదే మంచం, అదే చెయ్యి.

మొగిలమ్మ సంగతి చెప్పొద్దంటాది డాక్టరమ్మ.
చెప్తాను.
పుత్తూరు కాడ నుంచి వచ్చింది, ఒంటి తలనొప్పి.
పదకొండు సూదులు, ఒకటి నడినెత్తిన.
కరెంటు పోయింది. ఆ చీకట్లో తీసేసినాను.
ఆమె లేచి కొప్పు ముడేసుకునింది,
తల తేలిగ్గా ఉండాదబ్బా అనింది,
మొక్కు ఉందని కొండకు పోయింది.

కరెంటొచ్చినాక ట్రేలో చూస్తే పది.
మళ్ళీ లెక్కబెడితే పది.
మంచం కింద అయస్కాంతం తిప్పితే
యెవరిదో పిన్నీసు దొరికింది.
రిజిస్టర్లో రాసింది వాళ్ళ అన్న నెంబరు, అది మోగదు.
టీవీఎస్ వేసుకుని అలిపిరి దాకా పోయినా.
వరసగా బస్సులు పైకెక్కతా ఉండాయి,
ఏ బస్సునని ఆపేది?

రాత్రి ఎనిమిదికి ఫోను.
కల్యాణకట్ట నుంచి, సుబ్బరత్న అంట.
నీళ్ళు చల్లి అరచేత్తో తల రుద్దతా ఉంటే
బొటనవేలికి తగిలిందంట.
కత్తి కింద పెట్టేసింది.
సంచీలో మా చీటీ ఎతికి తీయించింది.
మొక్కుకు తెచ్చిన తలబ్బా ఇది,
మీరు గుచ్చిపెట్టుకునే దిండు కాదు, అనింది.
నేను నిలబడే విన్నాను.

ఆ తర్వాత రెండు నెల్లకు
ఆ గొంతే వచ్చి నా ముందర కూచునింది.
ఇరవైయేండ్ల కత్తి, బొటనవేలు మడవదు.
నొప్పి పెడతాదా అనడగలేదు.
ఎన్ని వేస్తారు, అనడిగింది.
ఏడు.
లోపలికి ఏడు తానే లెక్కబెట్టింది,
బయటికి ఏడు నాతో లెక్కబెట్టించింది.
వేలు ఇప్పుడు సగం వంగతాది. సగమే.
సెలవు దొరికిన మంగళవారం వస్తాది,
ఆ సగం కోసమే వస్తాది.

సరే, పడుకో. ఇరవై నిమిషాలు.
సెల్లు ఇట్లియ్యి. ముక్కు దురద పెడితే నన్ను పిలువు,
చెయ్యెత్తవద్దు.
అయినాక దిగ్గున లేవొద్దు,
కాళ్ళు నేలకు ఆననీ,
ఇన్ని మంచినీళ్ళు తాగు.
తీసేటప్పుడు నేను పైకి చదవతాను,
నువ్వూ చదువు, గట్టిగా,
పక్క మంచమోళ్ళు నవ్వితే నవ్వనీ.